సగంలో ఆగిన బ్యాటరీలు

జైలు, రెండో బ్యారక్
జూన్ మొదటి వారం

చెల్లె నిషితకు,

మొన్న ములాఖత్‌కు వచ్చినప్పుడు నువ్వు జాలీ అవతల నిలబడి ఏడ్చావే తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్లో ఇచ్చే సమయం అమ్మ ఏడుపుకే సరిపోతోంది. అందుకే కాగితం అడిగి తీసుకున్నాను. బయట ఎవరికి తోచింది వాళ్లు చెబుతుంటారు. జరిగింది నా నోట విను.

బీరంగూడ పెండ్లిలో పుస్తె కట్టే సమయానికి నా కెమెరా ఆగిపోయింది. అప్పుడే ఎక్కించిన బ్యాటరీ. నా వెంట పనిచేసే చంద్రకాంత్ సంచిలోంచి రెండోది అందించాడు. తలంబ్రాల మధ్యలో అదీ చచ్చింది. మూడోది సంచిలోనే ఉబ్బిపోయి ఉంది, కెమెరాలో దూరనే లేదు. నిండా చార్జ్ అయినట్టు పచ్చలైటు చూపించిన బ్యాటరీలు అవి!

ఫంక్షన్ హాల్ వెనక, వంటలు చేసే చోటికి నన్ను ఈడ్చుకెళ్లారు. పెండ్లికొడుకు అన్న నా కాలర్ పట్టుకుని, "మా తమ్ముడు పుస్తె కట్టిన వీడియో ఏదిరా? మళ్ల కట్టిస్తవా?" అంటూ బగోనాలో ఉన్న ఇనుప గరిటె తీసి మూతి మీద కొట్టాడు. ముందరి పండ్లు రెండు నా అరచేతిలోకి వచ్చాయి. కింద పడ్డాక ఎవరెవరు తన్నారో తెలియదు. నా కళ్లముందే కెమెరాను బండకేసి కొట్టారు. చంద్రకాంత్ అడ్డం రాలేదు. భయపడి ఉంటాడు, వాణ్ని తప్పుపట్టను.

ఆ మూడు బ్యాటరీలూ పటాన్‌చెరులో సత్యరాజు సార్ దుకాణంలో కొన్నవే. తెల్లారి ట్రైపాడ్ పట్టుకుని అక్కడికే పోయాను. ఆయన షట్టర్ ఎత్తుతున్నాడు. వెనక్కి తిరిగి, "నరేషూ, మొహమేంది గట్లయింది? ఎవలు కొట్టిండ్రు బిడ్డా?" అన్నాడు. ఆ ప్రేమ చూసి నాకింకా మండింది. దొంగ సరుకు అంటగట్టి, మళ్లీ బిడ్డా అంటాడా? ట్రైపాడ్ కాళ్లు మూడూ కలిపి పట్టుకుని కొట్టాను. పడిపోయాక కూడా కొట్టాను. ఎవరో వెనక నుంచి నా నడుము పట్టుకునేదాకా కొట్టాను.

నాకు బాధ లేదు. ఆయనకు కుట్లు పడ్డాయట, మానిపోతాయి. నా సంచి ఇంట్లోనే ఉంది, అందులో ఆ బ్యాటరీలున్నాయి. నువ్వు పనిచేసేది బ్యాటరీల సత్తువ పరీక్షించే ల్యాబ్‌లోనే కదా. ఒక్కోదాని మీద సత్తువ రెండు వేల ఎంఏహెచ్ అని రాసి ఉంది. అందులో ఎంత ఉందో తేల్చు. ఆ ముసలాయన దొంగ అని కాగితం మీద రావాలి.

నీ అన్న,
నరేష్


బీరంగూడ
జూన్ చివర

అన్నకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మకు చదివి వినిపించలేదు. నీకు దెబ్బలు తగిలిన ముక్క మాత్రం చెప్పాను.

నువ్వు అనుకుంటున్నట్టు కుట్లు కాదు. సత్యరాజు గారి కుడి కన్ను తీసేశారు. ట్రైపాడ్ కాలి చివర ఉన్న ఇనుప మొన లోపలికి దిగిందట. దవడ ఎముక కూడా విరిగింది, నెలరోజులుగా గంజి నీళ్లే.

ఈ సంగతి నాకు చెప్పింది ఆయన కూతురు ఎల్సీ. పటేల్‌గూడ బడిలో టీచరు. ఆదివారం చర్చి నుంచి నేరుగా మన గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. తిడుతుందనుకుని తలుపు సగమే తీశాను. "నీ అన్న మా నాన్నను దొంగ అన్నడట. మా నాన్న ఇరవై ఏండ్ల సంది అదే దుకాణంల ఉన్నడు. దొంగనో కాదో నాకు గూడ తెల్వాలె" అంది. తన చేతిసంచిలో నుంచి కవరు విప్పని బ్యాటరీలు మూడు తీసి నా చేతిలో పెట్టింది. నీకు అమ్మిన పెట్టెలోనే మిగిలినవట. "వీటినీ, మీ ఇంట్ల ఉన్నవాటినీ పక్కపక్కన పెట్టి చూడు. తక్కువొస్తే నేనే మా నాన్నను అడుగుత. సరిగ్గొస్తే నువ్వు నీ అన్నను అడగాలె."

సరేనన్నాను. మా ఇన్‌చార్జి సునంద మేడంకి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. సొంత అన్న కేసు కాబట్టి నేనొక్కదాన్నే చేస్తే చెల్లదని, పక్కన తనుంటానని మేడం అంది. వచ్చేవారం మొదలుపెడతాం.

అన్నా, ఆయన నిన్ను "బిడ్డా" అన్నాడని నువ్వే రాశావు. ఆ మాట దగ్గర రెండుసార్లూ చదవలేక ఆగిపోయాను.

నిషిత


జైలు, రెండో బ్యారక్
జూలై

నిషితా,

కన్ను సంగతి వకీలు కూడా చెప్పాడు. అది మామూలు దెబ్బ కిందికి రాదట, ఏళ్లకేళ్లు శిక్ష పడుతుందట. కానీ ఒక దారుంది అంటున్నాడు. ఆ ముసలాయన దుకాణంలో ఉన్నవన్నీ డొల్ల సరుకే అని తేలితే, మోసపోయి కడుపుమండి కొట్టానని వాదించొచ్చట. అందుకని జాగ్రత్తగా చదువు.

నా సంచిలోవి తక్కువ చూపిస్తాయి, అందులో అనుమానం లేదు. ఎల్సీ ఇచ్చినవి కూడా తక్కువ చూపించాలి. నీ మేడం యంత్రం చెప్పిన అంకె చూస్తుంది కానీ, చార్జింగ్‌కు పెట్టేది నువ్వే కదా. నిండకముందే తీసెయ్యి. సగం నింపితే సగమే ఇస్తుంది. నువ్వు ఏదీ దిద్దనక్కర్లేదు, యంత్రమే చెబుతుంది. ఎవరికి తెలుస్తుంది?

ఇక్కడ ఎలా ఉంటుందో నీకు తెలియదు. నిన్న అన్నం లైన్లో ఒకడు నా పండ్ల సందు చూసి వెక్కిరించాడు. సత్తు పళ్లెం అంచుతో వాడి చెవి కోశాను. నలుగురు కలిసి నన్ను మరుగుదొడ్డి గోడకేసి కొట్టారు. ఎడమ పక్కటెముకల మీద పడుకోలేకపోతున్నాను. ఏళ్లకేళ్లు ఇక్కడుంటే నేను మనిషిగా బయటికి రాను. నువ్వు డిప్లొమా చదివేటప్పుడు నిన్ను బస్టాండు దాకా బండి మీద దింపిన అన్నను నేను. ఒక్క గంట ముందు వైరు పీకెయ్యమంటున్నాను, అంతే.

నరేష్


బీరంగూడ
ఆగస్టు

అన్నకు,

నేను వైరు పీకలేదు.

ఎలా చేశామో రాస్తాను, రేపు నువ్వు ఎవరినీ అనుమానించకుండా. అన్నింటినీ ఒకే చార్జర్ మీద నిండా నింపాం. గంటసేపు చల్లారనిచ్చాం. తర్వాత యంత్రానికి తగిలించి, అన్నింటి నుంచీ ఒకే ధారగా కరెంటు లాగాం. ఇక ఇవ్వలేనని బ్యాటరీ చేతులెత్తేసేదాకా ఎంత ఇచ్చిందో యంత్రం లెక్కపెడుతుంది. రెండు వేలు అని రాసిన ప్యాక్ నిజమైనదైతే ఐదు గంటలు నడవాలి. ఎల్సీ ఇచ్చినవి మూడూ ఐదు గంటలకు కొంచెం ఇటుగా ఆగాయి. రాసిన దానికి దాదాపు సమానం. నీ సంచిలోవి రెండూ రెండున్నర గంటలు నిండకముందే పడిపోయాయి. ఉబ్బినదాన్ని మేడం ముట్టుకోనివ్వలేదు, ఇసుక పెట్టెలో పెట్టించింది.

వాడిన బ్యాటరీ కొంత తగ్గుతుంది, నిజమే. కానీ కొన్న మూడు నెలల్లోనే సగానికి పడిపోదు. అందుకే ఒకదాని తొడుగు విప్పాం. లోపలి సెల్స్ మీద పాత అతుకులు పీకేసిన గాట్లున్నాయి. ఏవో పాడైన వాటి నుంచి తీసి, కొత్త తొడుగేసి, పైన రెండు వేలు అని అచ్చేశారు. సత్యరాజు గారు అమ్మే ప్రతి ప్యాక్ అడుగునా దుకాణం ముద్రతో ఎర్ర సీలుంటుంది, దాని మీద నంబరుంటుంది. నీ సంచిలోవాటికి అది లేదు. నువ్వెప్పుడూ తిప్పి చూడలేదు.

అంటే ఆయన నీకు మంచివే అమ్మాడు. తర్వాత ఎవరో మార్చారు.

ఎవరో కూడా తెలిసింది. ఎర్ర సీళ్లున్న నీ మూడు బ్యాటరీలు సంగారెడ్డిలో ఫొటోలు తీసే చిన్నరాములు దగ్గరున్నాయి. వాటికి చార్జర్ కావాలని అతను దుకాణానికి వచ్చినప్పుడు, నాన్న బదులు కూర్చున్న ఎల్సీ నంబర్లు చూసి గుర్తుపట్టింది. నీ బిల్లు మీది నంబర్లే అవి. ఇద్దరం వెళ్లి అడిగితే, ఎవరమ్మారో దాచకుండా చెప్పాడు. ఆ పేరు నేను ఈ ఉత్తరంలో రాయను. పోలీసులకు చెబుతాను, నీకు చెప్పను.

ఫలితం వచ్చిన రోజు అమ్మకు అంతా చెప్పాను. వంటింట్లో నిలబడి విన్నది. "సగం చార్జ్ పెడితే ఏం పోతుండెనే నీకు? గా మిషిని నీకు తోడబుట్టిందా? వాడు తోడబుట్టిండా?" అంటూ చేతిలో ఉన్న చపాతీ కర్ర విసిరింది. కనుబొమ్మ చిట్లింది. కుట్లేయించుకుని వచ్చేసరికి తలుపు వేసేసింది. పక్కింటి ముత్యమ్మత్త చెప్పి తీయించింది. అప్పటి నుంచి అమ్మ నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం మూతపెట్టి ఉంచుతోంది.

నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ.

నిషిత


జైలు
ఆగస్టు

పేరు రాయి.

నా సంచి ముట్టేటోళ్లు ఇద్దరే. ఒకడు చంద్రకాంత్, ఒకడు డ్రోన్ నడిపే చిన్నా. చంద్రకాంత్ నా కంచంల తిన్నోడు, వాడు చెయ్యడు. ఇగ చిన్నానేనా? రాయకుంటే ఇద్దరి మెడలూ ఇరుస్త. బెయిల్ వస్తది, రాకుంటే కోర్టు తారీకుకు తోలుకపోయినప్పుడు దుంకుత. నా పండ్లు పోయినయ్, కెమెరా పోయింది, బతుకు పోయింది. ఎవని కోసం పోయిందో నాకు తెల్వద్దా? నువ్వు గా కిరస్తానీ పిల్ల మాట విని నన్ను ఈడ పాతిపెట్టినవ్. నువ్వు నా చెల్లెవే గాదు.

పేరు రాయి.


పటాన్‌చెరు, ఆసుపత్రి
సెప్టెంబరు

అన్నకు,

ఈ చేతిరాత నాది కాదు. నా కుడి మణికట్టు విరిగింది, కడ్డీలు వేశారు. నేను చెబుతుంటే ఎల్సీ రాస్తోంది. నీకు ఇష్టం లేకపోతే ఇక్కడే చింపెయ్యి. కానీ చిన్నాను ఏమీ అనవద్దు. మార్చింది చంద్రకాంత్. పోలీసులు వాడి మీద కేసు రాశారు, ఇక దాచడానికేమీ లేదు.

మేం వచ్చి అడిగి వెళ్లామని సంగారెడ్డి చిన్నరాములు వాడికి ఫోన్ చేసి చెప్పాడట. మొన్న మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు వాడు హెల్మెట్ పెట్టుకుని, కొరియర్ అని చెప్పి ల్యాబ్‌లోకి వచ్చాడు. హెల్మెట్ తీసేదాకా నేను గుర్తుపట్టలేదు.

"నిషితా, గా బ్యాటరీలు నాకియ్యి. అవ్వి లేకుంటే కేసే లేదు" అన్నాడు.

"అవి పోలీసులకు ఇచ్చేటివి, చంద్రకాంతన్నా" అన్నాను.

"అన్నా అనుకుంటనే నా గొంతు కోస్తవా?" అని నన్ను తోసేశాడు. స్టోరు తలుపు పట్టుకుని అడ్డం నిలబడ్డాను. ఆ ఇనుప తలుపు గుంజి నా చేతి మీదకే వేశాడు. మళ్లీ తీసి మళ్లీ వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను కింద పడ్డాక లోపలికి పోయి, ఇసుక పెట్టె బోర్లించి, నీ సంచిలోవి మూడింటినీ నేల మీద వేసి బూటుతో తొక్కాడు. పగలకపోతే స్క్రూడ్రైవర్ తీసి ఉబ్బినదాంట్లో పొడిచాడు.

అది చిచ్చుబుడ్డిలా లేచింది. తెల్లటి మంట, ఈల వేసినట్టు చప్పుడు. వంగి ఉన్నాడు కాబట్టి చేతులూ గడ్డమూ ముందు అంటుకున్నాయి, తర్వాత ప్యాంటు. గది నిండా గొంతు కోసే పొగ. "నిషితా! నిషితా! ఆర్పే!" అని అరుస్తూ గోడకు గుద్దుకున్నాడు.

నేను వెంటనే లేవలేదు అన్నా. ఇసుక నా పక్కనే ఉంది. కాసేపు వాడు కాలుతుంటే చూశాను. ఈ మాట చెబుతుంటే ఎల్సీ రాయడం ఆపి నా మొహం చూసింది. రాయి అన్నాను. తర్వాత ఎడమ చేత్తో ఇసుక ఎత్తిపోశాను. సునంద మేడం పరుగెత్తుకొచ్చి దుప్పటి కప్పింది. వాడు బతికాడు. ఎడమ చేతి వేళ్లు రెండు తీసేశారు. వాడి మంచం నాకు కింది అంతస్తులోనే ఉంది, కట్లు మార్చేటప్పుడు కేకలు వినిపిస్తాయి.

నీ బ్యాటరీలు కాలిపోయినా పరీక్ష కాలిపోలేదు. మేడం సంతకంతో ముందే కోర్టుకు చేరింది.

అమ్మ వచ్చింది. నా మంచం పక్కన కూర్చుని అన్నం కలిపి తినిపించింది.

నిషిత

నరేష్ గారూ, కింది మాటలు నావి. మీరు క్షమించమని అడుగుతూ మా ఇంటికి ఉత్తరం రాస్తారేమోనని ముందే చెబుతున్నాను, రాయకండి. మా నాన్న మెత్తని మనిషి, సరే అంటాడు. నేను అనను. మీ చెల్లెలి కోసం ఈ కాగితం రాశాను, మీ కోసం కాదు. - ఎల్సీ


జైలు
నవంబరు

చెల్లె నిషితకు,

నిన్ను చెల్లెవు కాదన్నాను. ఆ నోటితోనే మళ్లీ చెల్లె అని రాస్తున్నాను. ఎల్సీ రాసిన కాగితాన్ని చింపలేదు. చాలా రోజులు తెరవలేకపోయాను, అంతే.

ఆసుపత్రి నుంచి చంద్రకాంత్‌ను తెచ్చి ఇదే జైల్లో వేశారు. వాడు వస్తాడని నాకు ముందే తెలుసు. విరిగిన బకెట్ కమ్మి ఒకటి దాచి, స్నానాల బండ మీద రోజూ నూరాను. పొద్దున నీళ్ల దగ్గర ఒంటరిగా దొరికాడు. గడ్డం మీద తోలు ముడతలు పడి ఉంది, ఒంటి చేత్తో చెంబు పట్టుకోలేక తంటాలు పడుతున్నాడు. మెడ పట్టి గోడకు ఒత్తి, కమ్మి మొన గొంతు మీద పెట్టాను.

"ఎందుకు చేసినవ్‌రా?" అన్నాను.

"మంచియి అమ్ముకున్న. గివ్వి గూడ నడుస్తయనుకున్న. పెండ్లి నడుమల ఆగుతయని నాకేం ఎర్క?"

"నన్ను తంతుంటే నిలబడి చూసినవ్."

"చూసిన." వాడు కళ్లు మూసుకున్నాడు. "ఇప్పుడు అడుగుతున్నవేందిరా? పొడువు. గా ముసలాయన్ను ఒక్క మాటన్న అడిగినవా? గా పొద్దు ఆయన్ను అడిగితే, బ్యాటరీ తిప్పి చూస్తే, నేను గాన్నే దొరుకుదును. నువ్వు అడగలే. నేను బతికిపోయిన, ఆయన కన్ను పోయింది."

నా చెయ్యి ఆగింది. కానీ అప్పటికే మొన తోలు చీల్చి దిగింది, వాడి ఛాతీ మీదికి నెత్తురు కారింది. ఇంకొంచెం ఒత్తితే అయిపోయేది. ఒత్తాలని కూడా ఉంది, నీ దగ్గర దాచను. నువ్వు ఇసుక పక్కన పెట్టుకుని చూసిన ఆ కాసేపు ఎలా ఉంటుందో నాకు తెలిసింది. నువ్వు లేచావు. నేను కమ్మిని కాలువలోకి విసిరి వార్డర్‌ను పిలిచాను. వాడి గొంతుకు తువ్వాల ఒత్తిపట్టి, వాళ్లు వచ్చేదాకా కూర్చున్నాను.

ఇంకో కేసు రాశారు. నన్ను ఒంటరి గదిలో వేశారు. ఇక్కడ సత్యరాజు సార్ మొహం తప్ప ఏదీ కనిపించడం లేదు. కొట్టిన మొహం కాదు. వెనక్కి తిరిగి, ఎవలు కొట్టిండ్రు బిడ్డా అని అడిగిన మొహం.

వకీలు వచ్చి, పరీక్ష కాగితాన్ని ఇంకోలా తిప్పి వాదిద్దామన్నాడు. వద్దన్నాను. కోర్టులో నేనే కొట్టానని, ఆయన తప్పేమీ లేదని చెబుతాను.

నరేష్


బీరంగూడ
డిసెంబరు

అన్నకు,

ఎడమ చేత్తో రాస్తున్నాను, వంకర పోతే సర్దుకుని చదువు. నీ ఉత్తరం వచ్చాక కూడా నీకు జవాబు రాయొద్దనే అనుకున్నాను. అందరూ అందరినీ క్షమించేస్తే ఆ కన్ను ఎవరి లెక్కలోకి పోతుంది? కానీ నువ్వు తువ్వాల ఒత్తిపట్టానని రాసిన చోట చదువుతూ ఆగిపోయాను.

నీ తారీకు రోజే నా చేతిలో కడ్డీలు తీస్తారు. కోర్టుకు రాలేను. ఏం చెప్పాలో నేను చెప్పను.

అమ్మ నిన్న ఎవరికీ చెప్పకుండా పటేల్‌గూడకు పోయింది. సత్యరాజు గారి ఇంటి గేటు పట్టుకుని నిలబడి, లోపలికి పోకుండానే తిరిగొచ్చిందట. "ఆయన అరుగు మీద కూసొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నడు. కన్ను లేని దిక్కు తడుముకుంట ఒలుస్తున్నడు" అంది. రాత్రి అన్నం తినలేదు.

నిషిత


జైలు
జనవరి

చెల్లె నిషితకు,

నీ చెయ్యి ఎలా ఉంది? పిడికిలి బిగుసుకుంటోందా? అది ముందు రాయి.

కోర్టులో నేరం ఒప్పుకుంటున్నావా అని జడ్జిగారు అడిగారు. "నేనే కొట్టిన సార్. ఆయన నాకు మంచి సరుకే ఇచ్చిండు. ఏం జేసినవని అడుగకుండ కొట్టిన" అన్నాను. ఎవరైనా నేర్పించి బలవంతాన చెప్పిస్తున్నారా అని మళ్లీ అడిగారు. లేదన్నాను. నాలుగేళ్లు వేశారు. జైల్లో చంద్రకాంత్‌ను కోసిన కేసు ఇంకా ఉంది, అదీ ఒప్పుకుంటాను. పటేల్‌గూడకు ఉత్తరం రాయలేదు, ఎల్సీ వద్దన్నది కాబట్టి.

కానీ వరండాలో వాళ్లు ఎదురయ్యారు. ఆయన నల్లద్దాలు పెట్టుకున్నాడు. దవడ ఒక పక్కకు లాగినట్టుంది. ఎల్సీ ఆయన మోచెయ్యి పట్టుకుని ఉంది. నాకు ఏమైందో తెలియదు, పోలీసాయన చేతిలో నుంచి గుంజుకుని పోయి ఆయన కాళ్ల మీద పడ్డాను. ఆయన అదిరిపడి గోడకు తగిలాడు. ఎల్సీ, "లే! ముట్టకు మా నాన్నను!" అని అరిచి నా భుజం మీద చేతిసంచితో కొట్టింది. రెండుసార్లు కొట్టింది. పోలీసులు ఆమెను ఆపబోతే నేనే వద్దన్నాను.

అప్పుడు సత్యరాజు సార్ అన్నాడు: "ఎవలది? నరేషా? కాళ్లు ఇడువు. గా పక్క నాకు కనవడదు, పడిపోత."

అంతే అన్నాడు. కోపంగా అనలేదు, ప్రేమగానూ అనలేదు. నిజంగా పడిపోతానన్న భయంతో అన్నాడు. ఎల్సీ ఆయన్ను గట్టిగా పట్టుకుంది.

నేను కాళ్లు వదిలేశాను. లేచి, బేడీలతోనే చుట్టూ తిరిగి, ఆయనకు కనిపించే వైపు వచ్చి నిలబడ్డాను.

నీ అన్న,
నరేష్